ఎగువ నరమామిడి, దిగువ నరమామిడి

నరమామిడి ఆకును నూరితే రసం రాదు, జిగురు వస్తుంది. నా ఉద్యోగంలో చివరి ఆరేళ్లూ ఆ జిగురుతోనే గడిచాయి. బరంపురంలో ఒక వృక్షశాస్త్ర పరిశోధనశాలలో నేను టెక్నీషియన్‌గా పనిచేశాను. అచ్చయ్యే వ్యాసాల్లో నా పేరు అట్టడుగున, కృతజ్ఞతల వరుసలో ఉండేది. ఒక్కోసారి అక్కడా ఉండేది కాదు. ఇప్పుడు ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ అనుభవం ఏదైనా చెప్పండి అంటారు. జిగురు వదిలించే పద్ధతి చెబుతాను, రాసుకుంటారు. వాళ్లకు చెప్పవలసింది అది కాదని ఫోన్ పెట్టేశాక అనిపిస్తుంది. చెప్పవలసినది ఇక్కడ రాస్తున్నాను.

నరమామిడికీ మనం తినే మామిడికీ చుట్టరికం ఏమీ లేదు. గంజాం పడమటి కొండల మీద పెరిగే చెట్టు అది. దాని బెరడు ఎండబెట్టి దంచితే వచ్చే పొడిలో మంచి జిగట ఉంటుంది. అగరుబత్తి పుల్లకు ముద్ద అంటుకుని ఉండేది ఆ పొడి వల్లే. కొండమీది వాళ్లు బెరడు తీసి సంతలో అమ్ముతారు. కొంచెం కొంచెం తీస్తే చెట్టుకు ఏమీ కాదు. చుట్టూ ఒలిచేస్తే నిలబడిన చోటే ఎండిపోతుంది. అలా ఎండిపోగా, మేము పని మొదలుపెట్టేనాటికి మా వైపు కొండల్లో పెద్ద చెట్లు గుంపుగా ఉన్న చోట్లు రెండే మిగిలాయి. ఒకటి కొండ మెడ దగ్గర, రెండోది దాని కింద వాగు ఒడ్డున. ఎగువ గుంపు, దిగువ గుంపు అని రాసుకునేవాళ్లం.

ఈ చెట్టు గురించి ఇంకో రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, ఇందులో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. ఆడది కాస్తుంది, మగది కాయదు. రెండోది, ఇది వేళ్ల నుంచి పిలకలు వేస్తుంది. ఒక ముసలి చెట్టు పోయి, దాని వేళ్ల నుంచి ముప్పై పిలకలు లేచి పెద్దవైతే, చూసేవాళ్లకు ముప్పై చెట్లు కనిపిస్తాయి. నిజానికి అదంతా ఒకే చెట్టు. ఒక తెగులు వచ్చిందంటే మొత్తం ఒక్కసారే పోతుంది. కంటితో చూసి ఏది పిలకో, ఏది గింజ నుంచి విడిగా పుట్టినదో చెప్పలేం. చెప్పడానికే మేము జన్యు గుర్తులు తయారు చేశాం.

గుర్తు అంటే ఏమిటో మా అమ్మకు చెప్పినట్టే మీకూ చెబుతాను. ప్రతి చెట్టు కణంలోనూ ఒక పెద్ద రాత ఉంటుంది. ఆ రాతలో కొన్ని చోట్ల ఒకే చిన్న మాట పదే పదే వస్తుంది. ఒక చెట్టులో ఏడుసార్లు వస్తే, మరో చెట్టులో పదకొండుసార్లు. అలాంటి చోట్లు పది పన్నెండు పట్టుకుని ఎన్నెన్నిసార్లు వచ్చిందో చూస్తే, ఏ చెట్టు ఏదో చెప్పేయవచ్చు. పిలకలైతే అన్నింటిలోనూ లెక్క ఒకటే వస్తుంది. వినడానికి ఇంతే. ఆ చోట్లు పట్టుకోవడానికి మాకు రెండేళ్లు పట్టింది. జిగురు వల్ల రసాయనాలు పనిచేసేవి కావు. నేను చేపల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినదాన్ని. ఒకరోజు విసుగొచ్చి, చేప జిగురు ఉప్పుతో రుద్దితే పోతుంది కదా అని, ఉప్పు పాళ్లు బాగా పెంచి చూశాను. జిగురు విడిపోయింది. ఆ పద్ధతి అంతకుముందే వేరేచోట్ల వాడుతున్నారని తర్వాత తెలిసింది. అయినా మా ప్రొఫెసర్ ఆ రోజు ల్యాబు మొత్తానికి రసగుల్లాలు తెప్పించాడు.

ఆయన ఒడియా ఆయన, నాకన్నా నాలుగేళ్లు చిన్న. నన్ను "అపా" అనేవాడు, అక్కా అని. మేమిద్దరం ఒడియాలోనే మాట్లాడుకునేవాళ్లం. కోపం తొందరగా వచ్చేది, తొందరగా పోయేది.

ఆ కొండ అవతల రెండు ఊళ్లు ఉన్నాయి. రోడ్డు లేదు. ఎవరికైనా జబ్బు చేస్తే డోలీలో మోసుకుని దిగాలి. ఎన్నో ఏళ్ల తర్వాత రోడ్డు మంజూరైంది. రోడ్డు పోవడానికి రెండే దారులు. ఒకటి ఎగువ గుంపు మీదుగా, రెండోది దిగువ గుంపు మీదుగా. ఏదో ఒకటి పోక తప్పదు. ఏది పోతే నష్టం తక్కువో చెప్పమని అటవీశాఖ వాళ్లు మా ప్రొఫెసర్‌ను అడిగారు. మేము ఒక్కో గుంపులో ముప్పై చెట్ల ఆకులు తెచ్చాం. కాగితపు సంచుల్లో ఎండబెట్టి బీరువాలో పెట్టాం. వాటి నుంచి నేను డీఎన్‌ఏ తీసి చిన్న గొట్టాల్లో నింపాను. గొట్టాల మూతల మీద ఒకటి నుంచి ముప్పై దాకా అంకెలు రాశాను. ఎగువ గొట్టాలు ఒక పెట్టెలో, దిగువ గొట్టాలు ఒక పెట్టెలో. ఏ గుంపో పెట్టె మూత మీద అంటించిన కాగితం మీద మాత్రమే ఉంది. గొట్టం గొట్టం మీదా గుంపు పేరు కూడా రాసి ఉంటే ఈ కథే లేదు. మూత చిన్నది, పేరు పట్టదు అనుకున్నాను.

అంతలో తుఫాను వచ్చింది.

కరెంటు పోయింది. రెండో రోజుకు జనరేటర్‌కు డీజిల్ అయిపోయింది. బంకుల దగ్గర వరసలు. ఫ్రీజర్‌లో రెండేళ్ల కష్టం ఉంది. ప్రొఫెసర్ ఇంటి మీద చెట్టు పడి ఆయన అక్కడ చిక్కుకుపోయాడు. నేను ఆ గొట్టాల పెట్టెలూ రసాయనాల సీసాలూ ఒక థర్మకోల్ పెట్టెలో సర్ది, ఆటోలో పెట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లాను. అక్కడ మా తమ్ముడు పనిచేసే ఐసు ఫ్యాక్టరీ ఉంది. వాళ్లకు సొంత జనరేటర్ ఉంది. వాడు మూత తీసి చూశాడు.

"ఏటక్కా, సేపలనుకున్నాను. ఏటివి?"

"సెట్లు."

"సెట్లా?" వాడు ఒక గొట్టం వెలుతురుకు ఎత్తి చూశాడు. "నీల్లలాగున్నాయి. మరి ఈటికేటి ఐసు?"

"నువ్వు ముందు ఐసెయ్యిరా, తరవాత సెప్తాను."

వారం రోజులు వాడు పూటపూటకూ ఐసు మార్చాడు. కరెంటు వచ్చాక పెట్టె వెనక్కి తెచ్చుకున్నాను. తీసి చూస్తే రెండు మూతల మీది కాగితాలూ ఊడిపోయాయి. ఒకటి అడుగున నీళ్లలో తేలుతోంది, ఒకటి పెట్టె గోడకు అంటుకుని ఉంది. నేను కాసేపు నిలబడి ఆలోచించాను. ఎగువ పెట్టె మూత మూల చిన్న పగులు ఉండేదని గుర్తు. పగులున్న పెట్టె చూసి దాని మీద "ఎగువ" అంటించాను. రెండోదాని మీద "దిగువ" అంటించాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత విషయమని అనిపించలేదు. నిజం చెప్పాలంటే, అనిపించింది. కానీ ఆ సాయంత్రమే ప్రొఫెసర్ వచ్చి పెట్టెలు చూసి, అందరి ముందూ, "అపా లేకపోతే మన పని సముద్రంలో కలిసిపోయేది" అన్నాడు. ఆ తర్వాత పై అధికారులు వచ్చినా, బయటి ఊరి పరిశోధకులు వచ్చినా, ఐసు ఫ్యాక్టరీ కథ చెప్పి నన్ను చూపించేవాడు. నేను తల వంచుకుని నవ్వేదాన్ని. ఆ కథ చివర, కాగితాలు ఊడిపోయాయి సార్ అని కలపడానికి నాకు చోటు దొరకలేదు.

ఆ గొట్టాలతోనే పరీక్షలు చేశాం. ఎగువ ముప్పై చెట్లూ వేరు వేరు, దిగువ ముప్పైయీ ఒకే చెట్టు పిలకలు అని వచ్చింది. రిపోర్టు వెళ్లింది. రోడ్డు దిగువ గుంపు మీదుగా పోవచ్చని ఉత్తర్వు వచ్చింది. ఒక సోమవారం చెట్లు కొట్టడం మొదలవుతుందని అందులో ఉంది.

ఆ సోమవారానికి ముందు గురువారం మధ్యాహ్నం. మా ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి ఉండేది. పురుషోత్తంపూర్ అమ్మాయి, తెలుగు ఇంటి పిల్ల, నన్ను పిన్నీ అనేది. కొట్టేలోగా రెండు గుంపుల్లోనూ కాయలుంటే కోసుకురమ్మని ప్రొఫెసర్ ఆమెను పంపాడు. అవి కాయలు పండే రోజులు. ఆమె మూడు రోజులు కొండమీద ఉండి వచ్చింది. కాయల సంచులు బల్ల మీద పెట్టి, నోటు పుస్తకం తెరిచి, నా ఎదురుగా కూర్చుంది. నేను టిఫిన్ డబ్బా మూత పెడుతున్నాను.

"పిన్నీ, ఒకటడగనా?"

"అడుగమ్మా."

"దిగువ ముప్పైయీ ఒకే సెట్టు పిలకలని గదా మన రిపోర్టు."

"అవును."

"ఒకే సెట్టయితే అన్నీ కాయాల. లేకుంటే ఏదీ కాయకూడదు. పదమూడు సెట్లు కాసినాయి, పదిహేడు కాయలేదు. అదెలగ?"

"కొన్నిటికి ఇంకా ఈడు రాలేదేమో."

"పక్కపక్కనే ఉన్నాయి పిన్నీ, ఒకే లావు. ఇంకొకటి సూడండి. ఎగువ ముప్పైయీ యేరేరు సెట్లన్నాం. ఒక్కటీ కాయలేదు. ముప్పై యేరేరు సెట్లయితే అన్నీ మగవే ఎలగవుతాయి?"

ఆమె పుస్తకంలో వేలు పెట్టి ఇంకా చెబుతోంది. "అక్కడ బెరడు తీసే సవర ముసలమ్మని అడిగినాను. ఆవిడ నవ్వింది. పైవన్నీ ఒక్క తల్లి పిల్లలు, అన్నీ ఒకే రోజు ఆకు రాలుస్తాయి, ఈ మాత్రం సూసి తెలుసుకోలేరా, అంది."

లేచి ఫ్రీజర్ తెరిచి రెండు పెట్టెలూ బయటికి తీశాను. "ఎగువ" పెట్టె మూత మూల పగులు అలాగే ఉంది. రెండో పెట్టె తిప్పి చూశాను. దాని మూత మీద మంచు గీకి చూస్తే, దానికీ ఒక మూల పగులు ఉంది. సన్నగా, గోటి గీతలా.

ఆ అమ్మాయికి కాగితాల సంగతి అప్పుడు చెప్పాను. అన్ని రోజుల్లో అది మొదటిసారి. ఆమె నా ముఖంలోకి చూడకుండా పుస్తకం మూసేసింది.

"సార్‌కి ఫోన్ సేద్దామా పిన్నీ?"

ప్రొఫెసర్ ఆ వారం ఏదో సమావేశానికి భువనేశ్వర్ వెళ్లాడు. ఫోన్ చేస్తే రెండు నిమిషాల పని.

"ఇప్పుడే వద్దు," అన్నాను. "అనుమానం మీద సెప్తే ఏటి బాగుంటాది? బీరువాలో ఆకులున్నాయి. సంచి సంచి మీద గుంపు పేరు రాసుంది. మల్లీ సేసి సూద్దాం. శనివారానికి తేలిపోతాది. కొట్టేది సోమవారం గదా."

పిల్లలూ, నేను ఇది రాస్తున్నది ఈ మాట కోసమే. లేబుల్ తప్పు అతికించడం పొరపాటు. అది ఎవరికైనా జరుగుతుంది. ఖాయం చేసుకోకుండా నోరు తెరవకూడదని ల్యాబులో అందరికీ నేర్పిస్తాం, నేనూ నేర్పాను. ఆ గురువారం నేను ఆ పాఠం వెనక దాక్కున్నాను. నాకు కావలసింది రుజువు కాదు. రెండు రోజుల గడువు. ఏదో ఒక విధంగా నా అనుమానం తప్పయిపోతుందని ఆశ.

శుక్రవారం పొద్దున్న ఏడింటికే ల్యాబు తెరిచాం. ఒక్కో గుంపు నుంచి పది ఆకు సంచులు. "ఏది ఏ గుంపుదో నాకు సెప్పకు," అన్నాను ఆ అమ్మాయితో. ఆమె సంచులు విప్పి, ఆకులు కొత్త గొట్టాల్లో వేసి, తనకే తెలిసేలా అంకెలు రాసి ఇచ్చింది. నేను నూరాను, ఉప్పు కలిపాను, తిప్పాను, వడగట్టాను. ముప్పై ఏళ్లుగా చేసిన పని. అయినా ఆ రోజు ప్రతి గొట్టం మూతా మూడుసార్లు చదివాను. మధ్యాహ్నం కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. పోయిన ప్రతిసారీ ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. సాయంత్రానికి మెషీన్‌లో పెట్టి ఇంటికి వెళ్లాం. మా హల్దియాపదర్ ఇంట్లో అందరితో కలిసి భోజనానికి కూర్చున్నాను. ఏం తిన్నానో గుర్తు లేదు.

శనివారం పదకొండు గంటలకు జెల్ పలకను వెలుతురు పెట్టె మీద పెట్టాం. ఇరవై వరుసలు, చెట్టుకు ఒకటి; ఆ చిన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో దాన్ని బట్టి గీత ఎత్తు మారుతుంది. ఒక వైపు పది వరుసల్లో గీతలు ఒకే ఎత్తులో, బారు తీరినట్టు నిలబడ్డాయి. రెండో వైపు పది వరుసల్లో గీతలు తలా ఒక చోట. ఆ అమ్మాయి పుస్తకం తెరిచింది. ఒక్కలా ఉన్న పదింటినీ వేలితో చూపించింది.

"ఇవీ?"

"ఎగువ," అంది.

నేను స్టూలు మీద కూర్చుని ప్రొఫెసర్‌కు ఫోన్ చేశాను. ఒక్కొక్కటీ వరసగా చెప్పాను. తుఫాను, కాగితాలు, పగులు, కాయలు, జెల్. అంతా అయ్యాక ఆయన అడిగాడు.

"అపా, అనుమానం ఎప్పుడు వచ్చింది?"

"గురువారం మధ్యాహ్నం."

"ఈ రోజు శనివారం."

"అవును."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు బాగుండేది. "నేను అటవీ ఆఫీసుకు చెబుతాను, ఫోన్ దగ్గరే ఉండండి," అని పెట్టేశాడు. పది నిమిషాల తర్వాత మళ్లీ మోగింది.

"కూలీలు ఈ రోజే దొరికారట. పొద్దున్నే మొదలుపెట్టేశారు. రేంజరు వేరే కొండ మీద ఉన్నాడు, కబురు పంపుతున్నారు. ఆ చోట ఫోను పలకదు. మీరు వెళ్లగలరా?"

డిపార్టుమెంటు జీపు డ్రైవరు సెలవులో ఉన్నాడు. ఆ అమ్మాయి స్కూటీ తాళం తీసింది. "పిన్నీ, గట్టిగా పట్టుకోండి," అంది. నాకప్పటికి యాభై ఎనిమిదేళ్లు. చీర కొంగు నడుముకు దోపుకుని వెనక కూర్చున్నాను. ఊరు దాటేదాకా లారీల మధ్య దూరుతూ, ఆ తర్వాత గతుకుల రోడ్డు మీద, గంటన్నర పైన ప్రయాణం. దారిలో ఎక్కడా ఆగలేదు. ఆమె ఒక్కసారే మాట్లాడింది. "గురువారమే ఫోన్ సేసుంటే..." అని మొదలుపెట్టి ఆపేసింది.

కొండ కింద స్కూటీ పెట్టి నడక మొదలుపెట్టాం. సగం దారిలో రంపం మోత వినిపించింది. మోత ఆగినప్పుడు భయం, మళ్లీ మొదలైనప్పుడు భయం. ఆగితే ఒకటి పడిందని, మొదలైతే ఇంకోటి మొదలైందని. ఆ అమ్మాయి పరిగెత్తింది. నేను పరిగెత్తలేక, చెట్ల కొమ్మలు పట్టుకుని ఎక్కాను.

వాగు ఒడ్డుకు చేరేసరికి అక్కడ ఎండ పడుతోంది. ఎప్పుడూ నీడగా ఉండే చోటు. నరికిన చెట్లు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. కొమ్మలకు నల్లని కాయలు. ఆ పచ్చి బెరడు వాసన నాకు ల్యాబులో రోజూ అలవాటైనదే. ఆ అమ్మాయి మేస్త్రీ ముందు నిలబడి రొప్పుతూ చెబుతోంది. అతను తల అడ్డంగా ఊపుతున్నాడు. గిరిసోల వైపు మనిషి, యాభై ఏళ్లుంటాయి, తలకు తుండు చుట్టుకున్నాడు. నన్ను చూసి నా వైపు తిరిగాడు.

"ఏటమ్మా, ఈ పాప ఆపమంటాది. నాకు కాగితం ఉంది. ఇదిగో సూడండి, దిగువ అని రాసుంది."

"ఆ కాగితం తప్పు బాబూ. రేంజరు వస్తన్నారు. అంతవరకు ఆపండి."

"వస్తే ఆపుతాను. నానిప్పుడు ఆపితే కూలీలు ఎల్లిపోతారు. మల్లీ ఎప్పుడు దొరుకుతారో. రేపు నన్ను అడుగుతారు, ఎవులు సెప్తే ఆపీసినావు అని. నానేటి సెప్పాల? మాటతో కాదమ్మా. మీరు కాగితం ఇయ్యండి."

"మాకు ఇచ్చే అధికారం లేదు."

"మరైతే నాను ఆపలేను," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. వెనక్కి తిరిగి రంపం మనిషికి చేయి చూపించాడు.

"ఉండు బాబూ," అన్నాను. "నాను రాసిస్తాను."

ఆ అమ్మాయి నోటు పుస్తకం నుంచి ఒక కాగితం చించాను. పడిన ఒక మాను మీద కూర్చుని ఒడియాలో రాశాను. ఫలానా రిపోర్టులో ఎగువ, దిగువ అన్నవి తారుమారయ్యాయి. నమూనాల పెట్టెల మీది కాగితాలు ఊడిపోతే సరిచూసుకోకుండా అంటించినది నేను. అనుమానం వచ్చాక కూడా రెండు రోజులు ఎవరికీ చెప్పనిది నేను. ఈ చెట్లు కొట్టకూడదు. ఆపినందుకు ఏ బాధ్యత వచ్చినా నాదే. కింద సంతకం, ఉద్యోగం, ఇంటి చిరునామా.

అతను కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పాడు. "నాకు ఒడియా సదవడం రాదమ్మా. తెలుగులో సెప్పండి. గట్టిగా సెప్పండి, ఈలందరూ ఇనాల. రేపు సాచ్చికం గావాల గదా."

ఇరవై మంది దాకా కూలీలు గొడ్డళ్లు కింద పెట్టి మూగారు. నేను లేచి నిలబడి చదివాను. రాయడం సులువుగానే అయింది. చదవడం అలా కాలేదు. రెండు రోజులు అన్న చోట ఆగిపోయాను. మళ్లీ మొదటి నుంచి చదవమన్నాడు, చదివాను. ఎవరూ నవ్వలేదు. ఒకడు మాత్రం, "ఆవిడే సేసిందంట," అని పక్కవాడికి మెల్లగా చెప్పాడు. మేస్త్రీ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, రంపం ఆపమన్నాడు.

నరికిన వాటిని లెక్కపెట్టాం. పదకొండు. వాటిలో ఏడు కాసే చెట్లు.

ఒక మాను పక్కన ఆ సవర ముసలమ్మ గొంతుక్కూర్చుని బెరడు ఒలుచుకుంటోంది. పడిపోయాక ఎవరైనా తీసుకోవచ్చు కదా. నేను వెళ్లి దగ్గర కూర్చున్నాను. కత్తి ఆపకుండానే మాట్లాడింది.

"నాను ఈ పాపకి సెప్పినాను. నువ్వు మొదట్లో వొచ్చినప్పుడు నన్నేటీ అడగలేదు. ఆకులు తెంపుకుని ఎల్లిపోయినావు."

"అడగలేదమ్మా."

"ఇది మంచి సెట్టు," అంది ఆ మాను మీద అరచేత్తో తడుతూ. "దీని కాయలకి పిట్టలు ముందొచ్చేవి."

నాలుగింటికి రేంజరు వచ్చాడు. కాగితం చదివి, పని ఆపినట్టు రాసి ఇచ్చాడు. మేము చీకటి పడకముందే కొండ దిగాం.

తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. ప్రొఫెసర్ రిపోర్టు వెనక్కి తీసుకున్నాడు. తన పేరు మీద వెళ్లిన దానికి తనదే బాధ్యత అని రాశాడు, నా పేరు రాయలేదు. నేను రాసిన కాగితం అప్పటికే ఫైల్లోకి చేరింది కనుక విచారణ నాకూ తప్పలేదు. జీతంలో పెరుగుదల ఒక ఏడాది ఆగింది. ఇంతేనా అనిపించింది. ప్రొఫెసర్ నాతో మునుపటిలాగే మాట్లాడేవాడు, అపా అనే అనేవాడు. ఐసు ఫ్యాక్టరీ కథ మాత్రం మళ్లీ ఎవరికీ చెప్పలేదు. ల్యాబులో కొత్త నియమం వచ్చింది, గొట్టం గొట్టం మీదా పూర్తి పేరు రాయాలని. మూత మీద పట్టకపోతే పక్కన రాయవచ్చు. పడుతుంది, నేను రాసి చూశాను.

రోడ్డు దారి మార్చడానికి ఒక వానాకాలం వృథా అయింది. ఆ వానల్లో కొండ అవతలి ఊళ్ల నుంచి మళ్లీ డోలీలే దిగాయి. ఒకసారి మేము నర్సరీలో నాటే కొమ్మలు కత్తిరించుకు రావడానికి వెళ్తే, డోలీ మోసుకొస్తున్న ఒకతను నన్ను గుర్తుపట్టాడు. డోలీలో అతని తల్లి ఉంది, కాలు విరిగింది. "మీరేగదా రోడ్డు ఆపినోలు," అన్నాడు. నేను అవునన్నాను. పక్కకు తప్పుకుని దారి ఇచ్చాను. చెట్లను కాపాడాననుకునే ప్రతిసారీ అతను గుర్తొస్తాడు.

రోడ్డు ఎగువ గుంపు మీదుగా పోయింది. అక్కడ ముప్పైలో ఇరవైకి పైగా కొట్టేశారు. ఒకే చెట్టు కనుక పోయింది తక్కువే. మిగిలిన పిలకలు రోడ్డు పక్కన ఇప్పటికీ ఉన్నాయి.

దిగువన నరికిన పదకొండులో ఏడు మోళ్లు మరుసటి ఏడు చిగురించాయి. నాలుగు చిగురించలేదు. పడిపోయిన రోజునే పదకొండింటి కొమ్మలూ తెచ్చి నర్సరీలో నాటాం, ఆ నాలుగింటివి ఒక్కటీ వేరు పట్టలేదు. మా గుర్తుల ప్రకారం ఆ నాలుగూ ఇంకెక్కడా లేని చెట్లు. వాటి ఆకులు బీరువాలో ఉన్నాయి, డీఎన్‌ఏ ఫ్రీజర్‌లో ఉంది. ఏ చోట ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో అంతా రాసి ఉంది. ఆ అమ్మాయి తన థీసిస్‌లో వాటికి విడిగా ఒక పట్టిక వేసింది. ఇప్పుడు ఆమె వేరే ఊళ్లో లెక్చరరు.

రిటైరయ్యాక పోయిన ఏడు నేను ఒక్కదాన్నే ఆ కొండకు వెళ్లాను. ఇప్పుడు ఆ రోడ్డు మీద ట్రెక్కర్ జీపు తిరుగుతోంది. కిక్కిరిసి ఉంది. తిరిగి వచ్చేటప్పుడు వాగు మలుపు దగ్గర జీపు ఆగింది. ఆ సవర ముసలమ్మ గంపతో ఎక్కి నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. దిగువ గుంపు కాయలు అటవీశాఖ నర్సరీకి తీసుకెళ్తోంది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"ఆ నాలుగు సెట్లు నీ కాడ ఉన్నాయంట గదా," అంది. "ఆ పాప సెప్పింది."

"ఉన్నాయి. ఆకులున్నాయి. ఇంకా ఆటి లెక్కలూ ఉన్నాయి."

"మరెప్పుడు తెస్తావు?"

ఆమె వేళాకోళం ఆడడం లేదు. నిజంగానే అడుగుతోంది.

"రావమ్మా. ఆటితోటి సెట్టు రాదు."

"ఆకుంది. నువ్వే అంటన్నావు, లెక్కుంది అని. సెట్టెందుకు రాదు?"

"ఏది ఏ సెట్టో తెలుస్తాది. అంతవరకే. సెట్టు రాదు."

జీపు మలుపులు తిరుగుతూ దిగింది. నర్సరీ దగ్గర ఆమె ఆపించి దిగి, గంప కిందికి అందుకుంది. వెళ్లబోతూ ఆగి, గంపలో చేయి పెట్టి, నల్లటి కాయలు ఒక గుప్పెడు తీసి నా ఒళ్లో పోసింది.

"ఇయ్యి ఆ మోళ్ల పక్క సెట్టుయి," అంది. "ఇయ్యి వస్తాయి."